కాలేజీలో నన్ను ‘కరోనా మేడం’ అంటున్నారు, ఇంకా కఠినంగా ఉండాలా?

2021 దసరాకు ముందు, కోవిడ్ రోజుల్లో, విజయనగరం నుంచి ఒక లెక్చరర్ రాసిన ఉత్తరం ఇది. నా జవాబు కూడా అప్పటిదే, ఇందులోని కోవిడ్ నిబంధనలు, టీకా గడువులు, జరిమానాలు, పథకాలు అన్నీ ఆనాటివి. తన పేరు, కాలేజీ పేరు బయటపెట్టవద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది. అందుకని ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెప్పి, అవసరమైన చోట ఆమె మాటలే ఇస్తున్నాను.

ఆమెకు 41 ఏళ్లు. ఒక ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెబుతారు. ఇంటర్, డిగ్రీ రెండూ అదే ఆవరణలో నడుస్తాయి. పక్కనే యాజమాన్యం వాళ్ల హాస్టల్ కూడా ఉంది. ఆగస్టు 16న రాష్ట్రంలో బడులు తెరిచారు కదా, ఆ తర్వాత వీళ్ల కాలేజీలోనూ తరగతులు మొదలయ్యాయి. కోవిడ్ నిబంధనలు చూసుకోవడానికి ఒక కమిటీ వేసి, దాన్ని ఈమె నెత్తిన పెట్టారు. ‘మీరైతే గట్టిగా ఉంటారు’ అన్నారట ప్రిన్సిపాల్.

ఆమె గట్టిగానే ఉన్నారు. గేటు దగ్గర జ్వరం చూసే గన్ను, మాస్కు తప్పనిసరి, చున్నీయో రుమాలో కట్టుకుంటే మాస్కు కింద లెక్క కాదు, లేనివాళ్లు 50 రూపాయలు కట్టాలి, కట్టలేకపోతే వెనక్కి వెళ్లిపోవాలి. పిల్లలు ఎక్కువమంది బొబ్బిలి, గజపతినగరం, చీపురుపల్లి, సాలూరు వైపు పల్లెల నుంచి వస్తారు. పాసింజర్ రైళ్లు ఇంకా మునుపటిలా తిరగడం లేదు కాబట్టి అందరూ బస్సులకూ షేర్ ఆటోలకూ ఎగబడుతున్నారు. ‘బస్సులో ఒకరి మీద ఒకరు పడుతూ వచ్చినవాళ్లను నేను గేటు దగ్గర ఆరడుగుల దూరంలో వరసగా నిలబెడుతున్నాను. ఒక్కోసారి నాకే నవ్వొస్తుంది’ అని రాశారు.

పిల్లలు ఆమెకు ‘కరోనా మేడం’ అని పేరు పెట్టారు. అది తనకు పెద్ద బాధేమీ కాదంటున్నారు. బాధల్లా ఒక అమ్మాయి గురించి. బీకాం రెండో ఏడాది, సాలూరు అవతల కొండదారిలో ఉన్న ఊరు. రెండు బస్సులు మారి వస్తుంది. ఒకరోజు బస్సు రద్దీలో మాస్కు తాడు తెగిపోయి, మూతికి చున్నీ చుట్టుకుని వచ్చింది. చేతిలో డబ్బులు లేవు. మేడం వెనక్కి పంపేశారు. తిరుగు బస్సు మధ్యాహ్నం దాకా లేదు. అప్పటిదాకా గేటు బయట చెట్టు కిందే నిలబడిందని తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి కాలేజీకి రాలేదు. ఫోను చేస్తే స్విచ్ఛాఫ్. అదీ ఆ పిల్ల అన్నయ్య ఫోనట. ‘దానికి సంబంధం చూస్తన్నారు మేడం, ఇక రాదేమో’ అని తోటి పిల్ల ఒకతె చెప్పింది.

ఇంట్లో ఇంకో కథ. మే నెలలో మామగారు కోవిడ్‌తో పోయారు. ఎవరి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. కానీ ఆ రోజుల్లో ఈమె ఇంట్లో నలుగురు పిల్లలకు ట్యూషన్ చెప్పేవారు. ఎవరూ పైకి అనకపోయినా అందరూ అదే అనుకుంటున్నారని ఈమెకు అనిపిస్తోంది. అత్తగారికి షుగర్, బీపీ. ఏప్రిల్‌లో కోవిషీల్డ్ ఒక డోసు వేయించుకున్నారు. రెండు రోజులు జ్వరం వచ్చేసరికి రెండోది వద్దంటున్నారు. ఈమె సాయంత్రం ఇంటికి వచ్చాక పెరట్లోనే స్నానం చేసి, వేరే గదిలో తిని, అత్తగారితో గుమ్మం అవతల నుంచే మాట్లాడుతున్నారు. భర్త ఉద్యోగం మానేయమంటున్నారు. లాక్‌డౌన్‌లో సగం చేసిన జీతం ఇప్పటికీ పూర్తిగా ఇవ్వడం లేదు, పైగా కొన్ని నెలల బకాయి ఉంది.

వచ్చే శనివారం స్టాఫ్ మీటింగ్. దసరా సెలవులకు ఊళ్లకు వెళ్లి వచ్చే పిల్లల విషయంలో ఎలాంటి నిబంధనలు పెట్టాలో ఈమె రాసి ఇవ్వాలి. ఎకనామిక్స్ మాస్టారు ఇంకా బిగించాలంటున్నారు. మాస్కు లేనివాళ్లను ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి, రెండోసారి దొరికితే సస్పెండ్ చేయాలి, టీకా లేనిదే హాస్టల్లోకి రానివ్వకూడదు, ఒకసారి ఎస్సై గారిని పిలిపించి నాలుగు కేసులు పెట్టిస్తే అందరూ దారికొస్తారు అని ఆయన మాట. ఫిజిక్స్ మాస్టారు దానికి పూర్తిగా వ్యతిరేకం. అందరికీ వచ్చి పోయింది, యాంటీబాడీలు ఉన్నాయి, ఏడాదిన్నర చదువు పోయింది, ఇక పిల్లల్ని వదిలేయండి అంటారు. యాజమాన్యం అధికారులు వచ్చినప్పుడు మొదటాయన వైపు, అడ్మిషన్ల వేళ రెండో ఆయన వైపు.

‘నేను చేస్తున్నది బాధ్యతా, భయమా? ఇంకా కఠినంగా ఉండాలా, వదిలేయాలా? లేక భర్త చెప్పినట్టు మానేయాలా?’ అని అడిగారు.

జవాబు

ముందు సాలూరు అమ్మాయి సంగతి చూద్దాం. మీటింగ్ ఎలాగూ శనివారం జరుగుతుంది. ఈ పని అంతవరకూ ఆగదు.

ఆ పిల్ల రాకపోవడానికి కారణం మీరేనో కాదో మీకు తెలియదు. సంబంధం మాట ముందునుంచే నడుస్తూ ఉండవచ్చు, మీరు పంపేసిన రోజు ఇంట్లోవాళ్లకు ఒక వంక దొరికి ఉండవచ్చు. ఇదంతా ఇంట్లో కూర్చుని తేల్చుకునే విషయం కాదు, ఫోను చేసి కనుక్కోవాల్సిన విషయం. అన్నయ్య ఫోను పలకకపోతే కాలేజీ రికార్డులో తల్లి నంబరు ఉంటుంది. జగనన్న విద్యా దీవెన పథకం కింద ప్రభుత్వం ఇచ్చే ఫీజు డబ్బు తల్లి ఖాతాలోనే పడుతుంది కాబట్టి ఆమె వివరాలు ఆఫీసులో లేకుండా ఉండవు. ఆఫీసు ఫోను నుంచి చేయకండి, మీ సొంత ఫోను నుంచి చేయండి. పగలు కలుపు పనికి వెళ్లి ఉంటారు, సాయంత్రం ఏడు దాటాక దొరుకుతారు. ‘ఆ రోజు మాస్కు తెగిపోయిందని పంపించాను, అంత దూరం నుంచి వచ్చిన పిల్లను నిలబెట్టకుండా ఉండాల్సింది, రేపటి నుంచి పంపండమ్మా’ అంటే సరిపోతుంది. అంతకన్నా పెద్ద క్షమాపణ చెబితే ఇదేదో పెద్ద గొడవేమో అనుకుని వాళ్లే కంగారుపడతారు.

నేరుగా ఊరికి వెళ్దామని మీకు అనిపించవచ్చు. ఫోన్లు ఫలించకపోతే వెళ్లండి, కానీ అదే మొదటి పని కాకూడదు. పట్నం నుంచి ఇద్దరు మేడములు ఒక పెళ్లి కావలసిన పిల్ల ఇంటి ముందు దిగారంటే, ‘ఆ గుంట కాలేజీలో ఏటి చేసిందో’ అని సాయంత్రానికల్లా వీధి వీధంతా మాట్లాడుకుంటుంది. మీరు మంచికి వెళ్లి ఆ పిల్లకు ఇంకో చిక్కు తెచ్చిపెట్టినట్టవుతుంది. అంతకన్నా ఆమె స్నేహితురాలిని ముందు పంపడం మేలు. పెళ్లి మాట నిజమే అయితే, వయసు 18 దాటి ఉంటే, దాన్ని ఆపే అధికారం మీకు లేదు. కానీ మీరు చెప్పగల మాట ఒకటుంది. హాజరు 75 శాతం కన్నా తగ్గితే ఫీజు డబ్బు ఆగిపోతుంది, ఇప్పుడు వస్తే ఇంకా అందుకోవచ్చు అని తల్లికి లెక్క వేసి చెప్పండి. చదువు గొప్పదనం గురించి చెప్పే మాటలకన్నా చాలా ఇళ్లలో ఈ లెక్కే ఎక్కువ పనిచేస్తుంది. ఏడాదిన్నరలో ఎక్కువ కాలం ఇంట్లోనే కూర్చున్న ఆడపిల్లకు కాలేజీతో మిగిలిన బంధం ఎంత పలచగా ఉంటుందో మీకు తెలుసు. సిగ్నల్ కోసం గుట్టలెక్కి ఆన్‌లైన్ పాఠాలు విన్న పిల్లలు వీళ్లు. ఒక్కరోజు వెనక్కి పంపడం మనకు ఒక రోజు హాజరు, వాళ్ల ఇంట్లో అది ‘ఇక చాల్లే’ అయిపోవచ్చు.

ఇక నిబంధనలు. మీ మాస్టార్లిద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది, ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు.

ఫిజిక్స్ మాస్టారి యాంటీబాడీల మాట గాలి మాటేమీ కాదు. జూన్, జూలైల్లో కేంద్ర వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశమంతా చేసిన సర్వేలో నూటికి 67 మందిలో అవి కనిపించాయి, మన రాష్ట్రంలో సుమారు 70 మందిలో. కానీ మిగతా 30 మంది సంగతో? యాంటీబాడీలు ఉన్నవాళ్లకు మళ్లీ రాదనీ లేదు, వాళ్ల నుంచి ఇంట్లో ముసలివాళ్లకు అంటదనీ లేదు. ఇంటర్ పిల్లలకు టీకా ఇంకా రానే లేదు, 18 నిండిన వాళ్లకే వేస్తున్నారు. మన దాకా రాదులే అనుకుంటూ తిరిగిన జిల్లా మనది. రాష్ట్రంలో అన్ని జిల్లాల్లో కేసులు వచ్చినా విజయనగరంలో 2020 మే దాకా ఒక్కటీ లేదు. ఆ తర్వాత ఏమైందో మీ ఇంట్లోనే చూశారు. కాబట్టి ‘వదిలేయండి’ అనే మాట నేను అనను.

కానీ ఎకనామిక్స్ మాస్టారు బిగిస్తానంటున్న చోట రోగం లేదు. గట్టు ఒక పక్క తెగి నీళ్లు పోతుంటే తూము దగ్గర కాపలా కాసినట్టుంది ఆయన పథకం. మీ గేటునే తీసుకోండి. ముంజేతికి గన్ను పెట్టి చూస్తున్నారు కదా, పొద్దున్న పారాసిటమాల్ వేసుకుని వచ్చినవాడు దానికి దొరకడు. జ్వరం రావడానికి ఒకటి రెండు రోజుల ముందే ఇతరులకు అంటించగలిగే స్థితిలో ఉన్నవాడూ దొరకడు. మొన్న మేలోనే కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం ఒక సూచన విడుదల చేసింది. నోటి నుంచి వచ్చే సన్నని తుంపరలు గాలిలో పది మీటర్ల దాకా పోగలవని, కిటికీలు తలుపులు తెరిచి గాలి ఆడనివ్వడం ముఖ్యమని దానిలో చెప్పారు. మీ ఉత్తరంలో గేటు గురించి రెండు పేజీలు ఉన్నాయి. కిటికీల గురించి ఒక్క మాట లేదు. వాన జల్లు పడుతుందనో, రోడ్డు మోత వినిపిస్తుందనో తరగతి గదుల కిటికీలు మూసేస్తారు. ఏసీ కోసం కంప్యూటర్ ల్యాబ్ ఎప్పుడూ మూసే ఉంటుంది. ఆవరణ మొత్తంలో అన్నిటికన్నా ప్రమాదమైన చోటు బహుశా అదే. ఇంకొక చోటు స్టాఫ్ రూమ్. గేటు దగ్గర పిల్లల మాస్కులు సరిచేసి వచ్చిన మాస్టార్లంతా మాస్కులు తీసి, బల్ల చుట్టూ చేరి, క్యారియర్లు విప్పి, ఒకరి కూర ఒకరు రుచి చూసే గది. దాని ఊసు కూడా మీ ఉత్తరంలో లేదు.

అయితే మీ ఉత్తరంలో ఒక వాక్యం చదివి మాత్రం ఉలిక్కిపడ్డాను. ‘హాస్టల్లో ఇద్దరికి జ్వరం వస్తే వార్డెన్ గారు బస్సెక్కించి ఇంటికి పంపేశారు’ అని మామూలుగా రాసేసి ముందుకు వెళ్లిపోయారు. పరీక్ష చేయించకుండా, జ్వరం ఉన్న పిల్లల్ని జనంతో నిండిన బస్సులో పల్లెకు పంపడం, అక్కడ వాళ్ల తాతా నానమ్మా ఉండడం! మాస్కు తాడు తెగిన అమ్మాయి ఎంత తప్పు చేసిందో, ఈ పని చేసినవాళ్లు ఎంత చేశారో పక్కపక్కన పెట్టి చూడండి. శిక్ష పడింది ఎవరికి? నిబంధన అనేది చేతికి అందేవాళ్ల మీదే పడుతూ ఉంటుంది. రోగం వాళ్ల దగ్గరే ఉండాలని లేదు.

ఇంతకీ జ్వరం వచ్చిన పిల్లవాడు ఆ సంగతి దాచి తరగతికి ఎందుకు వస్తాడు? అటెండెన్స్ కోసం. పైన చెప్పిన 75 శాతమే దానికి కారణం. విద్యా దీవెన దాని మీదే ఉంది, డిగ్రీ పిల్లలకు ఏడాదికి 20 వేలు వచ్చే వసతి దీవెనా దాని మీదే ఉంది. ఆ డబ్బు లేకపోతే చదువు ఆగిపోయే ఇళ్ల పిల్లలు వీళ్లు. పది రోజులు ఇంట్లో ఉండమని మీరు నీతి చెబుతారు, రిజిస్టర్ మాత్రం వాళ్ల చేత పారాసిటమాల్ మింగిస్తుంది. అందుకని శనివారం మీరు రాసి ఇచ్చే కాగితంలో మొట్టమొదటి మాట ఇది కావాలని నా అభిప్రాయం: జ్వరం, దగ్గు, వాసన తెలియకపోవడం ఉన్నవాళ్లు రాకూడదు, పరీక్ష ఫలితం వచ్చేదాకా గానీ, పాజిటివ్ అయితే ఐసోలేషన్ పూర్తయ్యేదాకా గానీ వాళ్ల హాజరు కాలేజీ కాపాడాలి. ఇల్లు విడిచి రాకుండా ఉండాల్సింది లక్షణాలు మొదలైన దగ్గర్నుంచి కనీసం పది రోజులు, చివరి మూడు రోజులు జ్వరం లేకుండా. ప్రభుత్వం చెబుతున్న లెక్క ఇదే. వైద్య కారణాల మీద కొంత హాజరు మినహాయించే వీలు విశ్వవిద్యాలయ నిబంధనల్లో ఉంటుంది. దాన్ని ఎలా వాడాలో ఆఫీసులో పాత గుమాస్తాకు మీకన్నా బాగా తెలుసు, అడగండి. పిల్లలు దీన్ని అలుసుగా తీసుకోరా అంటారా? కొందరు తీసుకుంటారు. ఉత్తుత్తి జ్వరాలు చాలానే వస్తాయి. పరీక్ష కాగితం చూపించమంటే చాలావరకు తగ్గుతాయి, ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష ఉచితమే. మిగతా కొద్దిమంది సినిమాకు పోతే పోనివ్వండి. నిజంగా జ్వరం ఉన్నవాడు బెంచీ మీద కూర్చోవడం కన్నా అది చిన్న నష్టం.

జరిమానా విషయంలో మీ కాలేజీ కొంచెం హద్దు దాటిందనే అనుకుంటున్నాను. మాస్కు లేకపోతే 100 రూపాయల జరిమానా రాష్ట్రంలో ఉంది, నిజమే. కానీ అది వసూలు చేసే అధికారం పోలీసులకు, ప్రభుత్వం నియమించిన అధికారులకు ఇచ్చారు, కామర్స్ లెక్చరర్‌కు కాదు. అదే ప్రభుత్వం మాస్కు లేనివాళ్లను లోపలికి రానిచ్చిన దుకాణాలకు 10 వేల నుంచి 25 వేల దాకా జరిమానా పెట్టింది. కొనుక్కోవడానికి వచ్చినవాడికి వంద, షాపు నడిపేవాడికి వేలు. ఆ తేడా గమనించండి. మీ దగ్గర తలకిందులుగా ఉంది, పిల్ల కడుతుంది, యాజమాన్యం వసూలు చేస్తుంది. 50 రూపాయలంటే ఆ పిల్లలకు టిఫినూ ఆటో ఛార్జీనూ. మరోపక్క డబ్బున్న కుర్రాడు యాభై పారేసి మాస్కు లేకుండానే దర్జాగా తిరుగుతాడు. గేటు దగ్గర ఒక పెట్టెలో సర్జికల్ మాస్కులు పెట్టించండి, లేనివాళ్లకు ఒకటి ఇచ్చి లోపలికి పంపండి. టోకున కొంటే ఒక్కోటి కొద్ది రూపాయలు. ఆ ఖర్చు యాజమాన్యానిది. ఇలా చేస్తే కొందరు రోజూ కావాలనే మర్చిపోయి వస్తారని మాస్టారు అనవచ్చు. రావచ్చు, కానీ లోపలున్న ప్రతి ముక్కు మీదా మాస్కు ఉంటుంది కదా, మనకు కావలసింది అదే.

పోలీసుల్ని పిలిపించడం గురించి చెప్పాలంటే, అది మాట వరసకు కూడా మీటింగ్‌లో రానివ్వకండి. మన జిల్లాలో, పక్కన శ్రీకాకుళంలో డిగ్రీ చదివే కుర్రాళ్లలో ఎంతమంది తెల్లవారుజామున రోడ్ల మీద పరిగెడుతూ ఆర్మీకో కానిస్టేబుల్ ఉద్యోగానికో తయారవుతున్నారో మీరు రోజూ చూస్తూనే ఉంటారు. ఆ దరఖాస్తుల్లో నీ మీద ఏదైనా కేసుందా అనే ప్రశ్న ఉంటుంది. ముక్కు కిందికి జారిన మాస్కు కోసం, ప్రభుత్వ ఉత్తర్వు పాటించలేదంటూ 188 సెక్షన్ కింద ఒక కేసు పెట్టిస్తే, అది ఎన్నేళ్ల తర్వాత ఎక్కడ అడ్డం పడుతుందో ఎవరు చెప్పగలరు? ఫొటోలు తీసి గ్రూపులో పెట్టడం ఇంకా ఘోరం. ఆడపిల్లల ఫొటోలు తీసే అనుమతి ఒకరికి ఇచ్చాక, ఏ ఫొటో ఎక్కడికి పోతుందో ఆయన ఆపగలరా? ఈ రెండింటికీ మీరు సంతకం పెట్టకండి. కమిటీ పదవి పోయినా సరే.

టీకా లేనిదే హాస్టల్లోకి రానివ్వం అనేది కొంచెం ఆలోచించాల్సిన మాట. వినడానికి బాగుంది. కానీ ఇంటర్ పిల్లలకు టీకాయే లేనప్పుడు వాళ్లేం చేస్తారు? కోవిషీల్డ్ మొదటి డోసు వేయించుకున్నవాళ్లు 84 రోజులు ఆగాలి, కావాలన్నా రెండోది ముందు దొరకదు. కేంద్రం కూడా టీకా స్వచ్ఛందమనే చెబుతోంది. అందుకని తలుపు మూయడం కన్నా, వార్డు సచివాలయంలోని ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంతో మాట్లాడి ఒకరోజు కాలేజీలోనే టీకా శిబిరం పెట్టించడం మేలు. 18 దాటినవాళ్లలో చాలామంది అభ్యంతరం ఉండి మానేసినవాళ్లు కారు, పని మానుకుని వరసలో నిలబడలేకపోయినవాళ్లు. తరగతి నుంచి లేచి వచ్చి వేయించుకోమంటే వేయించుకుంటారు. అప్పటికీ వద్దన్నవాళ్లను వేరే గదుల్లో ఉంచే వీలుంటే ఉంచండి. లేకపోతే అది మీరు భరించక తప్పని ప్రమాదం.

హాస్టల్ విషయంలో మాత్రం ఎకనామిక్స్ మాస్టారి కన్నా నేనే కఠినం. దసరాకు ఊరెళ్లి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు జ్వరంతో వస్తారు, అనుమానం లేదు. బాత్రూమ్ ఉన్న గది ఒకటి ఖాళీ చేసి ఉంచాలి. భోజనం గది గుమ్మం దాకా ఎవరు తెచ్చి ఇస్తారో పేరుతో సహా రాసి ఉండాలి. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే ఆక్సీమీటర్ ఉండాలి. 94 కన్నా తగ్గితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి, ఎక్కడికో తెలియకపోతే 104కి ఫోను. ఇంటికి కబురు అదే రోజు వెళ్లాలి. తల్లిదండ్రులు సొంత బండిలో వచ్చి తీసుకెళ్తామంటే సరే, బస్సెక్కించడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కుదరదు. దీన్ని పాటించకపోతే చర్య వార్డెన్ మీద ఉండాలి, పిల్లల మీద కాదు. ఈ వాక్యం చదివినప్పుడు మీటింగ్‌లో కాసేపు ఎవరూ మాట్లాడరు. మాట్లాడేదాకా మీరూ మాట్లాడకండి.

బస్సుల రద్దీ మీ చేతిలో లేదని రాశారు. పూర్తిగా లేదనుకోను. డిగ్రీ వాళ్లకు ఒక వేళ, ఇంటర్ వాళ్లకు గంట తేడాతో ఇంకో వేళ పెడితే ఒకే బస్సు మీద పడే జనం సగమవుతారు. ఆర్టీసీ డిపో మేనేజర్‌కు ప్రిన్సిపాల్ చేత ఒక ఉత్తరం రాయించండి. జవాబు వస్తే లాభం, రాకపోతే పోయేదేమీ లేదు.

ఇక మీ ఇల్లు. బాధ్యతా, భయమా అని అడిగారు. రెండూ ఉన్నాయి, మీ ఇంట్లో జరిగిందాని తర్వాత భయం లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. కానీ మామగారికి మీ ట్యూషన్ పిల్లల వల్లే వచ్చిందని మీలో మీరే తీర్పు రాసేసుకున్నారు. మే నెలలో విజయనగరంలో పాలవాడి నుంచి, మందుల షాపు నుంచి, పలకరించడానికి వచ్చిన చుట్టం నుంచి, మీ భర్త నుంచి, ఎవరి నుంచైనా వచ్చి ఉండవచ్చు. అది ఇప్పుడు తేలే విషయం కాదు. తేలని విషయానికి మీరు రోజూ పెరట్లో స్నానం చేసి శిక్ష కడుతున్నారు. కొంత శిక్ష గేటు దగ్గర పిల్లలకు కూడా పడుతోందేమో ఆలోచించండి. నేను దూరం నుంచి చూస్తున్నాను కాబట్టి అలా అనిపిస్తోంది. మీకు అలా కాదనిపిస్తే వదిలేయండి.

మీ అత్తగారికి మీరు చేయగలిగిన అన్నిటికన్నా పెద్ద మేలు ఆ రెండో డోసు. ఏప్రిల్‌లో మొదటిది వేయించుకున్నారంటే 84 రోజులు జూలై ముగిసేలోపే దాటిపోయాయి. గడువు దాటినా మొదటినుంచీ మొదలుపెట్టనక్కర్లేదు, రెండోది ఇప్పుడు వేయించుకుంటే సరిపోతుంది. మొదటి డోసుకు జ్వరం వచ్చినవాళ్లలో చాలామందికి రెండోసారి అంతగా రావడం లేదు. ఈ మాట మీరు చెబితే ఆవిడ వినకపోవచ్చు. కొడుకు చెప్పాలి, లేదా షుగర్ మందులు రాసే డాక్టరు గారు చెప్పాలి. ఉద్యోగం మానేయమనే మీ భర్తను ముందు ఈ పని చేసిపెట్టమనండి. ఆవిడకు రెండో డోసు వేయించి, రెండు వారాలు పోయాక, మీరు ఒకే గదిలో కిటికీలు తీసి మాస్కు పెట్టుకుని కూర్చుని మాట్లాడవచ్చు. భర్తను పోగొట్టుకుని నాలుగు నెలలు దాటిన ఒక మనిషి గుమ్మం అవతలి గొంతుతో గడుపుతోంది, అది కూడా ఆవిడ ఆరోగ్యమే కదా.

మానేయాలా అన్న ప్రశ్నకు నేను అవుననీ కాదనీ చెప్పలేను, మీ ఇంటి లెక్కలు మీకే తెలుసు. మానేస్తే ఇంట్లో టెన్షన్ కొంత తగ్గుతుంది. కానీ మీ భర్త రోజూ బయటికి వెళ్లి వస్తూనే ఉంటారు కాబట్టి ప్రమాదం పూర్తిగా పోదు. 41 ఏళ్లకు ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం వదులుకుంటే, ఇలాంటి రోజుల్లో మళ్లీ దొరకడం కష్టం. ఉద్యోగం ఉంచుకుని కమిటీ నుంచి తప్పుకోవడం ఇంకో దారి. దానివల్ల మీకు నిద్ర పట్టవచ్చు, కానీ మీ స్థానంలోకి ఎకనామిక్స్ మాస్టారు వస్తారు, ఆ ఫొటోలూ ఎస్సై గారూ నిజంగానే వస్తారు. మూడోది, కమిటీలోనే ఉండి పైన చెప్పిన కాగితం పెట్టడం. అటెండెన్స్ కాపాడడం, మాస్కుల ఖర్చు, హాస్టల్ గది, ఈ మూడింటికీ యాజమాన్యం ఒప్పుకుంటే మీ పని తేలికవుతుంది, పిల్లలు కూడా మెల్లగా మిమ్మల్ని వేరే పేరుతో పిలుస్తారు. ఒప్పుకోకుండా గేటు దగ్గర కాపలా మాత్రం మీరే కాయాలంటే, అప్పుడు తప్పుకోవడంలో తప్పు లేదు. కాకపోతే మీరు ఏం అడిగారో, వాళ్లు దేనికి కాదన్నారో మీటింగ్ మినిట్స్‌లో రాయించి, ఒక కాపీ తీసుకుని తప్పుకోండి. రేపు హాస్టల్లో ఏదైనా జరిగితే కన్వీనర్ ఎవరని అడిగేవాళ్లు ఉంటారు.

ఒకవేళ ఉద్యోగమే వదిలేద్దామని నిర్ణయించుకుంటే, ఆ మాట ఈ శనివారం కోపంలో చెప్పకండి. ముందు బకాయి జీతం ఎంతో లెక్క రాసి, రాతపూర్వకంగా అడిగి, అది చేతికి వచ్చాకే రాజీనామా ఇవ్వండి.